పడవకు స్నానం

జూన్ 3

మామయ్యా,

ముందు నువ్వు అడగబోయేదానికి జవాబు. నా చేతులు బాగానే ఉన్నాయి. ఇక మిగతా సంగతులు.

నువ్వు షెడ్ వదిలి వెళ్లి నాలుగు నెలలు. ఫోన్ సంగతి నువ్వే తేల్చేశావు. ఆ తెర నీ వేళ్లను గుర్తుపట్టదు, నా మాట నీ చెవికి సగమే చేరుతుంది, మిగతా సగం నువ్వే సొంతంగా కల్పించుకుని నన్ను తిడతావు. కాబట్టి కాగితమే గతి. బల్ల మీద పని కొంచెం పక్కకు జరిపి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే బల్ల తప్పు.

వానలు ముందే పట్టుకున్నాయి. నువ్వు తారు పూసిన మూలే మళ్లీ కారుతోంది. బడి పడవ మరమ్మతుకు వచ్చింది, ఆవలి ఒడ్డు పిల్లలను బడికి దాటించేది. తొమ్మిదేళ్ల కిందట దాని అడుగు నువ్వు వేసిందే. మెత్తబడిన చెక్క కోసేసి నేనూ వడ్రంగీ కలిసి కొత్తది అతికించాం. ఇక గాజు బట్ట పరిచి మూడు పూతలు ఎపాక్సీ జిగురు వెయ్యాలి. ఆగస్టు మొదటి వారానికి ఇస్తానని పెద్ద టీచరమ్మకు మాటిచ్చాను. అప్పటిదాకా పిల్లలు వంతెన చుట్టూ తిరిగి గంటన్నర నడుస్తారట. ఆవిడ ఆ మాట మెల్లగానే చెప్పింది కానీ అప్పటినుంచి నాకు బువ్వ సహించడం లేదు.

అడగాల్సింది ఒకటుంది. బ్రష్షులు, రోలర్లు, గీకుడు రేకులు, కలిపే పుల్లలు కడగడానికి ఎసిటోన్ కాకుండా ఇంకేమైనా ఉందా? ఈమధ్య ఆ వాసన నాకు పడటం లేదు. మూత తీస్తే చాలు, తల తిరిగి కడుపులో దేవుతోంది.

నీ ఎర్ర బకెట్టు బయట పెట్టేశాను, కోప్పడకు. పొద్దున్నే పడవకు స్నానం చేయించే ఓపిక నాకు లేదు. అసలే వానాకాలం, తడి బట్ట పట్టుకుని జిగురు దగ్గరికి వెళ్లడమేమిటని వడ్రంగి కూడా నవ్వాడు. ఇంకే మార్పూ చెయ్యలేదు. నీ కుర్చీలో కూడా కూర్చోవడం లేదు, అందులో గిన్నెలు పెట్టుకుంటున్నాను.

ఒళ్లు జాగ్రత్త.

గరిటె


జూన్ 17

గరిటమ్మా,

ఆలస్యమైంది. తపాలా సంగతి తెలిసిందే కదా.

ఎసిటోన్‌కి ఏం రోగం వచ్చిందే? ముప్పై ఏళ్లు దానితోనే కడిగాను. సరే, అడిగావు కాబట్టి చెబుతున్నాను, విను. పుల్లలకీ రేకులకీ వంటింటి వెనిగర్ చాలు, కాకపోతే జిగురు తడిగా ఉండగానే ముంచాలి. గట్టిపడ్డాక దానికే కాదు, ఏ దేవుడికీ లొంగదు. వెనిగర్‌లో ఊరాక నీళ్లతో కడిగి బాగా ఆరబెట్టు. పూత వెయ్యబోయే చెక్క దగ్గరికి మాత్రం వెనిగర్‌ని రానివ్వకు. చెక్క తుడవాలంటే మందుల షాపులో అమ్మే స్పిరిట్ తెచ్చుకో, శుభ్రమైన తెల్ల బట్ట తీసుకో. ఒక బట్ట ఒక్కసారే వాడాలి. రంగుల షాపు థిన్నర్ జోలికి పోవద్దు, అందులో ఏం కలుపుతారో వాళ్లకే తెలియదు.

ఇవన్నీ పనిముట్లకు. చర్మానికి ఇందులో ఏదీ వద్దు. ఇక్కడి చర్మం డాక్టరు పోయిన నెల చెప్పాడు. ఎసిటోన్‌తో చెయ్యి కడిగితే జిగురు పోయినట్టు కనపడుతుందట, నిజానికి పల్చబడి లోపలికి దిగుతుందట. ఒక్కసారి ఒంటికి పడకుండా పోయిందా, ఇక జన్మలో పడదట. నా సంగతి నువ్వు చూశావు. షెడ్ గుమ్మంలో నిలబడితేనే మొహం గుమ్మడికాయంత అయ్యేది. నా చేతుల్లాగా నీ చేతులు కాకూడదు. పడవలు పోతే పోనీ, ఈ ఒక్కటీ నాకు కావాలి. చేతులకు సబ్బూ నీళ్లే వాడుతున్నావు కదూ? ఎలా ఉన్నాయి చేతులు?

నా ఉద్యోగం బాగుంది. లైబ్రరీలో, చదువుకునే గది తలుపు పక్కన కూర్చోవడం, పేపర్లు మడతపెట్టడం. మందు పూసి తెల్లటి నూలు గ్లవ్స్ వేసుకుంటాను కదా, వచ్చినవాళ్లు నేనేదో విలువైన పాత పుస్తకాలు ముట్టుకునే పండితుణ్ణి అనుకుని లేచి నిలబడుతున్నారు. నేనూ వద్దనడం లేదు.

ఇంతకీ అసలు సంగతి. వాసన పడటం లేదా? కడుపులో దేవుతోందా? నేను మరీ అంత మొద్దునా? ఎన్నో నెల? నాలుగేళ్ల పిల్లవి మీ అమ్మ గరిటె తెచ్చి నా జిగురు డబ్బాలో తిప్పితే, అది అక్కడే బిగుసుకుపోయి ఇప్పటికీ ఊడి రాలేదు. ఆ పిల్లకు పిల్ల! కింది ఇంటి దర్జీ ఆవిడకు చెప్పకుండా ఉండలేకపోయాను. ఆవిడ అప్పుడే ముక్కలు ఏరుతోంది, బుల్లి బొంత కుడుతుందట.

ఇంకొకటి. ఉత్తరాలు షెడ్‌లో కూర్చుని రాయకు. ఇంటికి వెళ్లి రాయి. అక్కడ వెలుతురు చాలదు.

మామయ్య


జూన్ 28

మామయ్యా,

చేతులు బాగున్నాయి. సబ్బే వాడుతున్నాను.

నువ్వు అడిగిన రెండోదానికి ఇప్పుడే ఏమీ చెప్పను. కానీ దర్జీ ఆవిడను తొందరపడొద్దని చెప్పు.

నా అక్షరాలు బాగాలేవని సూటిగా అనొచ్చు కదా, వెలుతురు మీద పెట్టడం దేనికి? ఇంటికి చేరేసరికి నాలో ప్రాణం ఉండదు. మా ఆయన బస్సు తోలి వచ్చి ఆ మూల, నేను ఈ మూల. ఇద్దరం టీవీ ఎదురుగా కూర్చుంటాం, అది పెట్టాలని ఇద్దరికీ గుర్తుండదు. రాస్తే ఇక్కడే రాయాలి, మధ్యాహ్నం, జిగురు గట్టిపడేలోపు.

వెనిగర్ పని చేసింది. పుల్లలూ రేకులూ కొత్తవాటిలా వచ్చాయి. ఆ ఘాటుకు వడ్రంగి తుమ్ముతూనే ఉన్నాడు. ఇది మంచి వార్త. చెడ్డ వార్త ఏమిటంటే, కొంప మునిగింది.

మొదటి పూత సోమవారం వేశాను. మంగళవారం పొద్దున ముట్టుకుంటే గట్టిగానే ఉంది, కాకపోతే కొంచెం జిడ్డుగా, మైనం రాసినట్టు ఉంది. నువ్వు చెప్పినట్టే స్పిరిట్‌తో తుడిచాను, తెల్ల బట్టతో, బట్టకు ఒక్కసారి చొప్పున. గరుకు కాగితం వేస్తే రెండు రుద్దులకే అది మూసుకుపోయింది. ఇంకో నాలుగు కాగితాలు అలాగే పోయాయి. రెండో పూత వేశాను. శుక్రవారం పెద్ద టీచరమ్మ చూడటానికి వచ్చి, ఊరికే, నిజంగా ఊరికే, అంచున బొటనవేలి గోరు పెట్టింది. ఉల్లిపొరలా లేచి వచ్చింది మామయ్యా. అరచేయంత ముక్క. ఆవిడ దాన్ని ఏం చెయ్యాలో తెలియక నా చేతిలో పెట్టి, “మళ్లీ వస్తాలెండి” అని వెళ్లిపోయింది.

అంతా గీకేశాను. రెండు రోజులు పట్టింది. భుజాలు నావి కావన్నట్టున్నాయి.

ఎసిటోన్‌తో తుడిచి ఉంటే ఊడేది కాదేమో. నువ్వున్నప్పుడు ఎప్పుడూ ఊడలేదు. నీ స్పిరిట్ సలహా వల్లే జరిగిందా? తొందరగా రాయి. కిందటిసారి రెండు వారాలు చేశావు. నేను ఇక్కడ కలిపిన జిగురు పట్టుకుని నిలబడి ఉన్నాననుకో.

గరిటె


జూలై 8

గరిటమ్మా,

స్పిరిట్ మీద తోసెయ్యకు. స్పిరిట్ ఏ పాపం ఎరగదు. జిగురు గట్టిపడటానికి కలిపే హార్డెనర్ కొలత తప్పావు. లేకపోతే చల్లటి గిన్నెలో కలిపావు. లేకపోతే వడ్రంగితో కబుర్లు చెబుతూ అడుగు గీకకుండా కలిపావు. ముప్పై ఏళ్లలో నా పూత ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ఊడలేదు. నేను చేసినట్టే చేస్తే నీదీ ఊడదు. మనసు ఎక్కడో పెట్టి చేస్తే ఊడుతుంది.

నిన్ను తప్పు పట్టడం లేదు. ఈ సమయంలో మనసు అలాగే ఉంటుంది. అందుకే చెబుతున్నాను, ఇక ఆ పడవ వదిలెయ్యి. వేరే ఎవరికైనా అప్పగించు. తాళం వేసి ఇంట్లో కూర్చో. రెండు ప్రాణాలతో ఆ గాలి పీల్చకూడదు. షెడ్ ఎక్కడికీ పోదు, పోయినా పోనీ. అల్లుడికి నేను రాశానని చెప్పు, నిచ్చెన ఎక్కనివ్వద్దని చెప్పు. బస్సు తోలేవాడికి బ్రేకు ఎప్పుడు వెయ్యాలో తెలిసి ఉండాలి.

బొంత వేరే పార్సెల్‌లో వస్తుంది. అంచుకు పసుపు రంగు గుడ్డ నేనే ఎంచాను. దర్జీ ఆవిడ నీలం అంది, గొడవపడ్డాం, నేనే గెలిచాను.

చేతులు ఎలా ఉన్నాయి? “బాగున్నాయి” అని ఒక్క మాట రాసి దాటెయ్యకు.

ఉత్తరం ఇంటి దగ్గర రాయమన్నాను. ఎందుకో చెబితే గానీ వినవా? పెద్దవాణ్ణి చెప్పాను, విను.

మామయ్య


జూలై 15

మామయ్యకు,

కడుపూ లేదు, కాకరకాయా లేదు.

అప్పుడే చెప్పాల్సింది. నువ్వు అంత సంతోషంగా రాశావు. నిజం చెప్పడం కంటే నువ్వు అలా అనుకోవడమే నయమనిపించింది. వాసన ఒక సాకు, నిజం ఇది. మార్చిలో నా మణికట్టు మీద ఎర్రటి పొక్కులు వచ్చాయి. వేళ్ల సందుల్లోకి పాకాయి. ఇప్పుడు మోచేతి దాకా ఉన్నాయి. పొద్దున పిడికిలి ముడిస్తే చర్మం పగిలి నీరు కారుతుంది. మొదట్లో నీ చేతులకు ఎలా ఉండేదో నాకు గుర్తుంది. నేనే కదా కట్లు కట్టింది.

సబ్బు అని అబద్ధం రాశాను. నీ ఉత్తరం వచ్చేదాకా ఎసిటోన్‌తోనే కడిగాను. నువ్వు నేర్పిందే. పద్నాలుగేళ్లు, రోజూ సాయంత్రం పని కాగానే నా దోసిట్లో అరకప్పు పోసేవాడివి. చల్లగా ఉండేది. రోజంతా అదొక్కటే బాగుండేది కూడా. నాకు మొగుడు అన్నం పెట్టమన్నా గుర్తుండదు, నువ్వు “చేతులు పట్టు” అనడం మాత్రం ఈ రోజుకీ గుర్తుంది. నీకు తెలియదు, ఒప్పుకుంటాను. తెలిసి పొయ్యలేదు. కానీ పోసింది నువ్వే.

ఇప్పుడేమో షెడ్‌కి తాళం వెయ్యమంటున్నావు, పోయినా పోనీ అంటున్నావు. అయిదు నెలల్లో నీకు అది ఎవరిదో అయిపోయింది. కొలత తప్పానట. కబుర్లు చెప్పానట. కొలత కాటా మీద పెట్టి చూశాను, మూడుసార్లు. మళ్లీ వేశాను, మళ్లీ ఊడింది. ఈసారి గోరు కూడా అక్కర్లేదు, గాలికే అంచు లేచింది. ఆగస్టుకి మూడు వారాలు లేవు. నది పెరుగుతోంది. ఇంకొక్క పూత ఊడితే ఆ పడవ మీద చెయ్యి వేసే ధైర్యం నాకుండదు, ఆవిడకు నన్ను నమ్మే ఓపికా ఉండదు. నా చేతులకు మాత్రం ఎన్ని పూతలు మిగిలాయో.

బొంత అందింది. దర్జీ ఆవిడకు ఏం చెబుతావో నీ ఇష్టం.

ప్రతి ఉత్తరానికీ రెండు వారాలు. మధ్యలో నాలుగు రోజుల దారే కదా ఉంది? నా ఉత్తరాలు చదవాలని లేకపోతే చెప్పెయ్యి, మానేస్తాను. నాకూ అలుపుగానే ఉంది.

- మీ మేనకోడలు


జూలై 21

అమ్మాయీ,

చేతిరాత చూసి కంగారుపడకు. నేను కింది ఇంట్లో బట్టలు కుట్టేదాన్ని. మీ మామయ్య చెబుతుంటే రాస్తున్నాను. ఆయన కళ్లు వాచి మూసుకుపోయాయి. నిన్న డాక్టరు సూది వేశాడు, ఇవాళ కొంచెం నయం. ఎందుకో చివర నేనే చెబుతాను, ఆయన చెప్పొద్దంటున్నాడు. ఆయన రాయించేది ముందు.

“గరిటమ్మా. పోసింది నేనే. తెలియక పోశాను అని మొదలుపెడదామనుకున్నాను, కానీ అది నువ్వే రాసేశావు, నాకు ఆ సాకు కూడా మిగల్చలేదు. మీ అమ్మ పోయేముందు నిన్ను నాకు అప్పజెప్పింది. పని నేర్పాను. నా రోగం కూడా నేర్పాను. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. షెడ్ ఎవరిదో అయిపోయిందన్నావు. రోజూ పొద్దున మెలకువ రాగానే తాళంచెవి కోసం తలగడ కింద తడుముకుంటాను. పోయినా పోనీ అన్నది నువ్వు మిగలాలని.”

ఇక్కడ ఆయనకు మంచినీళ్లు ఇచ్చాను.

“పూత ఎందుకు ఊడుతోందో నాకు తెలియదు. సిగ్గు విడిచి చెబుతున్నాను. నీ ఉత్తరం ఈవిడ చేత మూడుసార్లు చదివించుకున్నాను. అన్నీ నేను చేసినట్టే చేశావు.”

అమ్మాయీ, ఇక్కడ నేను నోరు ఆపుకోలేక అడిగాను. “ఆ పిల్ల సంగతి సరే, పొద్దున్నే షెడ్‌లోకి వెళ్లాక మీరు ముందు ఏం చేసేవారో వరసగా చెప్పండి” అన్నాను. కుట్టు తేడా వస్తే నేనూ అంతే, మొదటి టాకా నుంచి చూసుకుంటాను. ఆయన చెప్పాడు: తాళం తీస్తాను, లైటు వేస్తాను, ఎర్ర బకెట్టులో నీళ్లు పడతాను, గరుకు పీచూ పాత తువ్వాలూ తడిపి పడవంతా రుద్ది తుడుస్తాను, పొడి బట్టతో తడి ఒత్తేస్తాను, అప్పుడు టీ తాగుతాను.

“పడవను తుడవడం ఎందుకు?” అన్నాను.

“ఊరికే. మా అమ్మ లేవగానే ఇంట్లో బల్లలన్నీ తుడిచేది. అలవాటు. షెడ్‌లో వాళ్లంతా నవ్వేవాళ్లు, పడవకు స్నానమని” అన్నాడు. అంతలోనే లేచి కూర్చున్నాడు. ఇక గట్టిగా అరుస్తూ చెప్పాడు, అలాగే రాస్తున్నాను.

“గరిటే! బకెట్టు! నువ్వు బకెట్టు బయట పెట్టేశానని మొదటి ఉత్తరంలోనే రాశావు! జిడ్డు, మైనం రాసినట్టు అన్నావు. తేమగా ఉన్న రోజుల్లో జిగురు గట్టిపడుతూ పైకి ఏదో చెమటలా కక్కుతుంది. నేనూ పొద్దున చేతికి తగిలితే చూసేవాణ్ణి, బట్ట వేస్తే పోయేది, పట్టించుకోలేదు. అది స్పిరిట్‌కి పోదేమో. ఎసిటోన్‌కి కూడా పోదేమో, అటునుంచి ఇటు పులుముకుంటుందేమో. మామూలు నీళ్లకి పోయేదేమో! ఎండాకాలంలో చెమట పట్టదు, అందుకే నీకు ఇన్నాళ్లూ తెలియలేదు. జిగురు డబ్బాతో వచ్చే కాగితం ఉంటుంది, చీమ తలకాయంత అక్షరాలతో. మనిద్దరం ఏనాడూ చదవలేదు. అది చదివించు. నిజమైతే నీళ్లతో కడుగు. కానీ నువ్వు ముట్టుకోవద్దు. ముందు డాక్టరుకు చూపించుకో. పడవ తరవాత. నా మాట విను, ఒక్కసారి విను.”

ఆయన మాట అయిపోయింది. ఇక నాది. ఆయన నిద్రపోయాడు కాబట్టి రాస్తున్నాను.

నీ ఉత్తరాలు ఆయనకు పడవు. నువ్వు షెడ్‌లో రాస్తావు కదా, కాగితానికీ కవరుకూ ఆ జిగురు అంటుకుంటున్నట్టుంది. మొదటిది చింపగానే కనురెప్పలు వాచాయి, చదవడం ఆపేశాడు. అదైనా, తరవాత వచ్చిందైనా, నా దండెం మీద బట్టల క్లిప్పు పెట్టి వేలాడదీస్తాడు. ఎండా గాలీ తగలాలని అయిదారు రోజులు ఆగుతాడు. ఆ అయిదారు రోజులూ దాని చుట్టూ తిరుగుతుంటాడు, వాన వస్తే పరుగెత్తుకొచ్చి తీస్తాడు. తరవాత గ్లవ్స్ వేసుకుని, మొహానికి దూరంగా పట్టుకుని చదువుతాడు. నీకు చెబితే బాధపడి రాయడం మానేస్తావని చెప్పనివ్వలేదు. ఈసారిది మాత్రం దండెం మీద వెయ్యలేదు. నీకు కోపం వచ్చి ఉంటుందని ఆయనకు తెలుసు. గుమ్మంలోనే చింపి, ఉత్త చేతులతో, మొహం దగ్గర పెట్టుకుని చదివాడు.

బొంత తిప్పి పంపకు. గుడ్డ ముక్కలు నావే, నాకేం నష్టం లేదు. చలికి ఎవరికైనా పనికొస్తుంది.


ఆగస్టు 6

మామయ్యా,

ఈ ఉత్తరం ఇంట్లో రాస్తున్నాను. తలంటుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని కూర్చున్నాను. కాగితం, పెన్ను, కవరు అన్నీ కొత్తవి. మా ఆయన కొని తెచ్చి తన చేత్తోనే బల్ల మీద పెట్టాడు. ఆ బల్ల కూడా నమ్మక, బొంత ఒళ్లో పరుచుకుని దాని మీద అట్ట పెట్టుకుని రాస్తున్నాను. పసుపు అంచు బాగుంది, నువ్వు గెలవడమే మంచిదైంది. కవరు మీద అడ్రసు ఆయన రాస్తాడు, నేను ముట్టను.

దండెం సంగతి తెలిశాక నేను రాసిన ఉత్తరాలన్నీ గుర్తు చేసుకున్నాను. ఒక్కొక్క మాటా అయిదు రోజులు గాలికి ఊగి నీ దగ్గరికి వచ్చిందన్నమాట. అందులో సగం తిట్లే. నువ్వు ఇంటి దగ్గర రాయమంటే అక్షరాల గురించి అనుకున్నాను. నా బుద్ధికి ఏం చెప్పను!

డబ్బా కాగితం వడ్రంగి భూతద్దం పెట్టి చదివాడు. ఉంది మామయ్యా, నువ్వు చెప్పినట్టే ఉంది. తేమలో పైన పేరుకునేది నీళ్లకే కరుగుతుందట, నీళ్లూ గరుకు పీచుతో కడిగి ఆరాకే రుద్దాలట, తరవాతే పూతట. ముప్పై ఏళ్లుగా ప్రతి డబ్బాతోనూ ఆ కాగితం వచ్చింది. మనం దాన్ని చించి డబ్బా మూతల కింద వేసుకున్నాం.

బయట ఎర్ర బకెట్టు వాననీళ్లతో నిండి ఉంది. అది పారబోసి శుభ్రమైన నీళ్లు పట్టాం. మొదటి పూత వేసిన మర్నాడు పొద్దున మళ్లీ అదే జిడ్డు. తడి పీచు వెయ్యగానే సబ్బులా జారిపోయింది. గరుకు కాగితం కింద తెల్లటి పొడి రాలింది, ఎక్కడా మూసుకుపోలేదు. ఆ పొడి చూసి నాకు ఏడుపొచ్చింది, వడ్రంగి కంట్లో పడిందేమో అనుకుని నీళ్లు ఇచ్చాడు. రెండో పూత పట్టింది. మూడోదీ పట్టింది. పెద్ద టీచరమ్మ వచ్చి ఈసారి కావాలనే గోరు పెట్టింది. గోరు విరిగింది. ఆవిడ వేలు నోట్లో పెట్టుకుని నవ్వింది. సోమవారం పడవ నీళ్లలోకి దిగింది.

ఆ పూతల్లో ఒక్కటీ నేను వెయ్యలేదు. ఇది కూడా రాయాలి. ముందు డాక్టరు అన్నావు, ఒక్కసారి విన్నాను. నీకున్న రోగమే అంది డాక్టరమ్మ, ఇంకా నీ అంత ముదరలేదు. ఇప్పుడు ఆపితే అక్కడే ఆగుతుంది, మామూలుగా బతకొచ్చు. ఇంకో వానాకాలం చేస్తే ఆపడానికి ఏమీ ఉండదు. కాసేపు బేరమాడాను. మందమైన గ్లవ్స్ అన్నాను, మాస్క్ అన్నాను, వారానికి ఒక్కరోజు అన్నాను. ఆవిడ నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని పగిలిన చోట దూది అద్దుతూ కూర్చుంది. నాకు అర్థమైంది.

ఇక జిగురు ముట్టను. వడ్రంగీ వాళ్ల చెల్లెలూ పూత వేస్తున్నారు, నిండా కప్పుకుని. నేను షెడ్ బయట, గాలి వాలుకు అవతల స్టూలు వేసుకుని, ఇంత కలుపు, అడుగు గీకు అని అరుస్తున్నాను. నువ్వు అరిచినట్టే ఉందట. ఆ పిల్లకు మొదటి రోజు నేర్పింది బకెట్టు. రెండోది, చేతులకు సబ్బు తప్ప ఇంకేదీ వద్దని. తెడ్లు చెక్కే పని విడిగా, వెనక పెరట్లో నేను చేస్తాను. ఉత్త చెక్కకు నా మీద కోపం లేదు. అది ఎన్నాళ్లు గడుపుతుందో తెలియదు. పద్నాలుగేళ్ల పని డాక్టరమ్మ గదిలో ఒక ముప్పావుగంటలో అయిపోయింది మామయ్యా. నిద్ర మాత్రం బాగా పడుతోంది.

పోసింది నువ్వేనని రాశాను. అది నిజమే, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ పొద్దున్నే నీళ్లు పట్టిందీ నువ్వే. అది రాయడం మరిచిపోయాను.

నీ గరిటె


ఆగస్టు 11

గరిటమ్మా,

ఉత్తరం ఇవాళ పదకొండింటికి వచ్చింది, జవాబు ఇవాళే రాస్తున్నాను. చేతిరాత నాదే.

దర్జీ ఆవిడ అలవాటుగా క్లిప్పు పట్టుకొచ్చింది. వద్దన్నాను. చివరి మెట్టు మీద కూర్చుని గ్లవ్స్ తీసేశాను. ఆవిడ తిడుతూనే ఉంది, నేను చింపి చదివాను. రెండుసార్లు. తరవాత అరగంట అద్దం పట్టుకుని కూర్చోబెట్టింది, రెప్పలు ఎప్పుడు వాస్తాయా అని. వాయలేదు. చేతులు ఎర్రబడలేదు.

నీకు ఒక మాట చెప్పాలి, నవ్వకు. కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. షెడ్ వాసన కోసం వెతికాను. నన్ను సగం తినేసిన వాసన అది, అయినా వెతికాను. ఎక్కడా లేదు. సబ్బు వాసన వచ్చింది. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆవిడ కళ్లు మండుతున్నాయేమో అనుకుని మందు తేబోయింది. మంట కాదని చెప్పాను, కూర్చోమన్నాను. నువ్వు మిగిలావనీ ఏడ్చాను, నీ పని పోయిందనీ ఏడ్చాను. రెండూ ఒకేసారి వచ్చాయి, దేనికి ఎంతో నాకు తెలియదు.

పడవ ఆవలి ఒడ్డుకు వెళ్లి వస్తున్నప్పుడు ఎలా ఉందో ఇంకోసారి రాయి. పిల్లలు ఎంతమంది ఎక్కుతున్నారో రాయి.

ఇప్పుడు చెప్పు, నీ చేతులు ఎలా ఉన్నాయి? పొద్దున పిడికిలి ముడుచుకుంటున్నాయా? నిజం రాయి, పొడుగ్గా రాయి. ఆరబెట్టే పని లేదు కదా, రాగానే చదువుతాను.

మామయ్య